తలుపు లేని పొలపుటిల్లు: వాటర్లూ సైనికుల వ్రాతలపై విమర్శనము

యుద్ధచరిత్రములు సాధారణముగా సేనాపతుల పేర వ్రాయబడును. ఒకడు శత్రువుల యెడమపార్శ్వమును తాకెననియు, మఱియొకడు నడిమిపంక్తిని నిలిపెననియు చదువుచున్నప్పుడు, ఆ తాకినవారును నిలిచినవారును ఆకలిదప్పులు గల మనుష్యులన్న మాట మన మనస్సునకు తట్టదు. చదరంగపు బల్లమీద బంట్లు జరిగినట్లు పటాలములు జరుగును, తుదకొక రాజు కట్టువడును, ఆట ముగియును. 1815వ సంవత్సరము జూన్ 18వ తేదీని బెల్జియము దేశమున జరిగిన వాటర్లూ యుద్ధమును మన బాలురు పాఠశాలలలో నిట్లే నేర్చుకొనుచున్నారు. నెపోలియను ఓడెను, వెల్లింగ్టను గెలిచెను. ఈ రెండు వాక్యములను ఒప్పగించినవానికి మార్కులు వచ్చును. ఆ రెండు వాక్యముల నడుమ ఒక పగలంతయు, వేలకొలది ప్రాణములును మునిగిపోయినవి.

ఈ వ్యాసమున మేము విమర్శింప బూనినది యుద్ధమును గాదు. యుద్ధభూమి నడుమ నొక పొలపుటింటిని కాపాడినవారు వ్రాసి విడిచిన వ్రాతలను. ఆ యింటిపేరు లా హే సేంట్. దానిని కాపాడిన పటాలమునకు నాయకుడైన మేజరు గెయోర్గ్ బారింగ్ తన వృత్తాంతమును 1831లో హనోవరునందలి యొక సైనిక పత్రికలో ప్రకటించెను. అదే పటాలమున సామాన్య సిపాయిగా నుండిన ఫ్రీడ్రిఖ్ లిండౌ జ్ఞాపకములు 1846లో హామెల్న్ పట్టణమున పుస్తకముగా వెలువడినవి. ఒకే యింటిని, ఒకే దినమును, అధికారి యొకడును సిపాయి యొకడును చెప్పుట అరుదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కను బెట్టి చదివినవారికి, శౌర్యమును గూర్చి మనము చిన్ననాటినుండి వినుచున్న మాటలు ఎంతవఱకు నిలుచునో తెలియగలదు.

ముందుగా స్థలమును తెలిసికొనవలయును. షార్లర్వా పట్టణమునుండి బ్రస్సెల్సు నగరమునకు పోవు రాజమార్గము ప్రక్కను, వెల్లింగ్టను సైన్యపు నడిమిపంక్తికి కొంచెము ముందుగా, ఈ ఇల్లు కలదు. ఇల్లు, గుఱ్ఱపుసాల, ధాన్యపుకొట్టము, నడుమ పెరడు, చుట్టును గోడ, దక్షిణమున పండ్లతోట, ఉత్తరమున కూరగాయల తోట. మన పక్షమున కలిగిన రైతు లోగిలి యెట్లుండునో ఇంచుమించుగా నట్లే యని చదువరులు తలపవచ్చును. దీనిని కాపాడుటకు నియమింపబడినవారు నాలుగువందలకు లోబడిన జర్మనులు. 1803లో ఫ్రెంచివారు హనోవరు నాక్రమించినప్పుడు, ఇంగ్లండు రాజే హనోవరునకును ప్రభువగుటచే, దేశము విడిచి వచ్చిన యోధులతో నాతని కొలువున ఏర్పడిన కింగ్స్ జర్మన్ లీజియన్ అను దళములోనివారు వీరు. వీరి చేతులలో గుఱి తప్పని రైఫిళ్లు కలవు. మనిషి కొక్కంటికి అఱువది తూటాలు కలవు. లేనిది తలుపు.

తలుపు లేకుండుట యెట్లు? 17వ తేదీ రాత్రి యెడతెగని వాన కురిసెను. తడిసి వణకుచున్న సైనికులు చలి కాచుకొనుటకై, పొలము వైపున నున్న ధాన్యపుకొట్టపు పెద్దతలుపును ఊడదీసి కాల్చివేసిరి. తెల్లవారినపిదప ఆ యిల్లే కోట కావలసివచ్చెను. గోడలకు కంతలు పొడుచుటకు గునపములు లేవు. పనిముట్లు మోయు కంచరగాడిద ముందటి దినముననే తప్పిపోయెను. పటాలములోని వడ్రంగపు పనివాండ్రను మఱియొక పొలపుటిల్లైన హూగుమాంటునకు పంపుమని ఆజ్ఞ రాగా వారును పోయిరి. ఒక్క గొడ్డలియైనను చేత లేనందున, దొరికినదానితో తుపాకులు దూర్చుటకు కొన్ని కంతలు చేసికొని, వీథిమీద నడ్డముగా కట్టెలు, బండిసామానులు పడవైచి, కూర్చుండిరి.

బారింగ్ వ్రాతయందలి మొదటి సుగుణ మిదియే. ఆతడు ఈ చిన్న విషయములను దాచలేదు. వీరచరిత్రము వ్రాయబూనినవాడు తప్పిపోయిన కంచరగాడిదను గూర్చి వ్రాయడు. సైనికులు తమ కోటతలుపును తామే కాల్చుకొనిరని అసలే వ్రాయడు. ఈ వివరములను చేర్చుటచేత బారింగ్ కథకు ధూళి అంటెను. ఆ ధూళి యంటుటచేతనే దానియందు మనకు విశ్వాసము కలుగుచున్నది.

మధ్యాహ్నము మొదలుకొని సాయంకాలము ఆఱుగంటల ప్రాంతమువఱకు ఫ్రెంచివారు ఆ యింటిమీద విరుచుకొని పడుచునే యుండిరి. తలుపులేని కొట్టపు ద్వారమునందు పడిన శత్రువుల శవములే అడ్డుగోడయయ్యెను. ఒకప్పుడు తాను లెక్కింపగా పదునేడు శవములు ఒకదానిమీద నొకటి పడియుండెనని బారింగ్ చెప్పుచున్నాడు. గోడకంతలలోనుండి బయటికి వచ్చిన తుపాకిగొట్టములను బయటి ఫ్రెంచివాడు పట్టుకొని లాగుట, లోపలి జర్మనుడు విడువకుండుట. ఈ పెనుగులాటలు పెక్కు జరిగినవి. పిదప ఫ్రెంచివారు ధాన్యపుకొట్టమునకు నిప్పంటించిరి. పెరటిలో చెఱువుండెను గాని నీరు తోడుటకు పాత్ర లేదు. సహాయముగా వచ్చిన నసావు దేశపు సిపాయిలు తమ వీపులమీద వంటపాత్రలను మోయుచుండుట బారింగ్ చూచి, ఒకని వీపుననుండి పాత్రను లాగికొని, తానే నీరు నింపుకొని నిప్పువైపు నడచెను. తక్కినవారును అట్లే చేసిరి. గుండ్లు కురియుచుండగా వంటపాత్రలతో నిప్పు నార్పిరి.

తలుపు, పాత్ర, నీరు: ఇవి ఏ గృహిణికి తెలియనివి? మహాయుద్ధమని లోకము చెప్పుకొను ఆ దినమున నొక ముఖ్యస్థానము నిలుచుటయు కూలుటయు ఇట్టి యింటివస్తువులపై నాధారపడియుండెను. వస్తువులను లెక్కింపని శౌర్యస్తుతి ఎంత బోలుగా నుండునో ఇచ్చట తేటపడుచున్నది.

ఇక అసలు వస్తువు తూటా. ఒకదాని తరువాత నొకటి దాడి జరుగుచుండగా తూటాలు తఱిగెను. బారింగ్ మరల మరల మనిషిని పంపి తూటాల నడిగెను. తూటాలకు బదులుగా మనుష్యులు వచ్చిరి. అదే దళమునందలి మొదటి తేలికపటాలపు రెండు కంపెనీలును, అయిదవ పటాలపు తేలికకంపెనీయు, ఇన్నూఱుమంది నసావు సిపాయిలును వచ్చిరి. తూటాలు మాత్రము రాలేదు. తుదకు లెక్కచూడగా మనిషికి మూడు నాలుగు మించి లేవు. అప్పుడు సిపాయిలు తమ నాయకునితో, మేము నిన్ను విడువము, నీతోడనే చత్తుము, కాని కొట్టుటకు మాచేత నేదైన నుండవలదా యను నర్థము వచ్చునట్లు మొఱపెట్టుకొనిరట. ఈ ఘట్టమును వ్రాయునప్పుడు బారింగ్ శైలి తడబడుచున్నది. పదునాఱు సంవత్సరములు గడచినను ఆ ప్రశ్నకు ఆతనికి ప్రత్యుత్తరము దొరకలేదని స్పష్టమగుచున్నది. తుదకు ఇల్లు పోయెను. ఇంటిలోని యిఱుకుదారిగుండ కూరతోటలోనికి బయటపడి వెనుకకు చేరినప్పుడు, మొదట తనతో వచ్చిన నాలుగువందలమందిలో తనయొద్ద మిగిలినవారు నలువదియిద్దఱే యని ఆతడు చెప్పుచున్నాడు. తక్కినవారందఱును చచ్చిరని కాదు. గాయపడినవారు, పట్టుబడినవారు, చెదరినవారు పెక్కుమంది. అయినను ఆ సంఖ్యను చదివి నిట్టూర్పు విడువనివారు అరుదు.

ఇదే విషయమును వెల్లింగ్టను మఱునాడు తన ప్రభుత్వమునకు పంపిన నివేదికయందు ఒక్క వాక్యములో ముగించెను. దాని సారాంశ మేమనగా, ఇంటిని కాపాడువారి తూటాలన్నియు ఖర్చగుటచేతను, వారితో సంబంధమునకు గల యొక్క త్రోవయు శత్రువుల వశమగుటచేతను, ఇల్లు పోయినదని. ఇది సేనాపతి మాట. బారింగ్ వృత్తాంతమును దీని ప్రక్కను బెట్టినచో ఒక ప్రశ్న పుట్టును. తుదిగడియలయందు త్రోవ మూసికొనియుండవచ్చును; కాని అంతకుముందు వందలకొలది మనుష్యులు ఏ త్రోవను వచ్చిరి? మనుష్యులు పోగలిగిన త్రోవలో తూటాలపెట్టె పోలేదా? రైఫిలు తూటా వేఱు, సామాన్యపు తుపాకి తూటా వేఱు అగుటచేత చిక్కు కలిగియుండవచ్చును. అది పంపువారి లోపమేగాని యింటిలోనివారి లోపము గాదు. మనుష్యుని పంపుట సులభమనియు తూటాను పంపుట కష్టమనియు తలచు పరిపాలనమే ఈ యింటిని పోగొట్టినదని మా యభిప్రాయము. ఓటమికి కారణము శౌర్యలోపమైనచో సిపాయిని నిందింతురు. కారణము వ్యవహారలోపమైనప్పుడు సిపాయి శౌర్యమును పొగడి ఊరకుందురు. పొగడ్త యెన్నిమార్లు నిందను తప్పించుకొను నుపాయమగుచుండునో ఈ యుదాహరణము తెలుపుచున్నది.

లిండౌ పుస్తకము వేఱొక తీరు. ఆతడు చెప్పులుకుట్టు వృత్తి నేర్చుకొనుచు, దానిని విడిచి దళములో చేరినవాడు. స్పెయిను, పోర్చుగల్లు దేశములలో యుద్ధములు చేసినవాడు. ఆ రోజులలో తాను ఆకలికి దొంగిలించిన తిండిని, దోచిన వస్తువులను ఆతడు సిగ్గుపడక చెప్పుచున్నాడు. లా హే సేంటునందు ఆతనికి తలపై గాయములు తగిలి నెత్తురు కారుచుండెను. వెనుకకు పొమ్మని చెప్పినను పోలేదు. ఈ సంగతిని బారింగును చెప్పుచున్నాడు. అప్పటికి లిండౌ జేబులో ఒక ఫ్రెంచి యధికారినుండి తీసికొన్న బంగారునాణెముల సంచి యుండెను. బంగారముతో వెనుకకు పోయినచో బ్రతుకు సుఖముగా గడచునని తెలిసియు ఆతడు ద్వారమును విడువలేదు. తుదకు పట్టుబడి, ఆ బంగారమును శత్రువుల పాలుచేసెను.

ఈ మనిషి యెవడు? దొంగయా, వీరుడా? లిండౌ పుస్తకముయొక్క విలువ యంతయు ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పకుండుటయందే యున్నది. మన యాలంకారికులు వీరరసమునకు ఉత్సాహమును స్థాయిభావముగా చెప్పి, అది యుత్తమప్రకృతియందే పుట్టునని నియమించిరి. భరతుని నాట్యశాస్త్రమునుండి ఇదియే సంప్రదాయము. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దానవీరుడు, ధర్మవీరుడు, యుద్ధవీరుడు, దయావీరుడు అని నలుగురిని చెప్పినను, ఆ నలుగురును గొప్పవారే. చెప్పులుకుట్టువాడు, జేబులో దోపిడిసొమ్ముతో, నెత్తిన కట్టుతో, తలుపులేని ద్వారమున నిలుచుట ఆ లక్షణమున కిమడదు. లక్షణమున కిమడనందున ఆతని వీరత్వము లేకపోవునా? లక్షణమునే విశాలము చేసికొనవలయునా? రెండవదే న్యాయమని మేము తలంచుచున్నాము. ఉత్తమప్రకృతి యనునది పుట్టుకలోగాని, పదవిలోగాని, మచ్చలేని నడవడిలోగాని లేదు. విడిచిపోవుటకు వీలున్నప్పుడు తోడివారిని విడువకుండుటలో నున్నది.

ఇట్లు సామాన్యులు వ్రాసిన పుస్తకములలో మఱియొకటి గలదు. లా హే సేంటునకు పడమట నున్న హూగుమాంటును కాపాడిన ఇంగ్లీషు గార్డు సిపాయి మాథ్యూ క్లే కథనము 1853లో అచ్చుపడెను. ఆతని తుపాకి వానకు తడిసి పనిచేయకపోగా, పడిపోయినవాని తుపాకి నెత్తుకొనెను. అది యింకను వెచ్చగా నుండెనని ఆతడు చెప్పుచున్నాడు. ఆ యొక్క వెచ్చదనములో ఒక మనిషి చావంతయు నున్నది. క్లే దానిని వర్ణింపబూనలేదు, అందుచేతనే అది మనస్సున నాటుకొనుచున్నది. మండుచున్న యింటి మేడగదిలో నిలువబెట్టబడి, నేల కూలునట్లగువఱకు అధికారి తమను దిగనీయలేదని కూడ ఆతడు చెప్పుచున్నాడు. ఫిర్యాదు లేదు, గర్వము లేదు.

ఈ హూగుమాంటునే విక్టర్ హ్యూగో 1862లో వెలువడిన తన మహానవలలో వర్ణించెను. ఆ వర్ణనము అద్భుతము. దానిని మేము తక్కువచేయము. కాని ఆతడు అక్కడి బావిలో మున్నూఱు శవములను పడవైచిరని వ్రాసెను. 1985లో ఆ బావిని త్రవ్వి చూచినప్పుడు మనుష్యుల యెముకలు కనబడలేదు. మహాకవికి భయానకము కావలసివచ్చినప్పుడు బావి నిండెను. సిపాయికి భయము నిజముగా కలిగినప్పుడు వెచ్చని తుపాకి యొకటి చాలెను. కల్పనకు స్వాతంత్ర్యము కలదు. కాని చచ్చినవారి లెక్క చెప్పునప్పుడు ఆ స్వాతంత్ర్యమునకు హద్దు కలదని మా మతము.

సిపాయిల వ్రాతలయందు లోపములు లేవా? కలవు. లిండౌ పుస్తకము యుద్ధము జరిగిన ముప్పదియొక్క సంవత్సరములకు వచ్చినది. క్లే కథనము ముప్పదియెనిమిది సంవత్సరములకు. అంతకాలమునకు జ్ఞాపకము మాసిపోవును. ఇతరులు చెప్పినవి తాను చూచినట్లు తోచును. తన కంతలోనుండి కనబడినంతయే సిపాయి చూచును. పొగలో అదియు సరిగా కనబడదు. బారింగుకును స్వప్రయోజనము లేకపోలేదు. తన వశముననున్న స్థానమును పోగొట్టుకొన్న యధికారి తన మానమును కాపాడుకొనుటకై వ్రాయుచున్నాడని చదువరులు మఱవరాదు. తూటాలు రాలేదన్న మాటను ఆతడు పలుమార్లు చెప్పుట కిదియు నొక కారణము కావచ్చును. కాని దానిని వెల్లింగ్టను నివేదికయే పాక్షికముగా సమర్థించుచున్నది గనుక, ప్రధానాంశమున సందేహింప బనిలేదు. సాక్షి తనకు తాను అనుకూలముగా చెప్పినదానిని ఆతని యెదుటిపక్షము కూడ నొప్పుకొన్నచో, న్యాయస్థానమున నది నిలుచును, సాహిత్యవిమర్శనమునను నిలువవలయును.

ఇంతకంటె పెద్దలోపము వ్రాసినవారిది గాదు, అడిగినవారిది. విలియం సైబర్న్ అను సైనికోద్యోగి 1830 తరువాత వాటర్లూ యుద్ధభూమికి పెద్ద నమూనాను తయారుచేయబూని, యుద్ధమున పాల్గొన్న యధికారుల కందఱకును ఉత్తరములు వ్రాసి, వారి జ్ఞాపకములను సేకరించెను. నమూనా 1838లో లండనున ప్రదర్శింపబడెను. ఆ యుత్తరములలో కొన్నింటిని ఆతని కుమారుడు 1891లో అచ్చువేయించెను. ఎంతో మెచ్చదగిన శ్రమ. కాని ఉత్తరములు పోయినది అధికారులకు. సామాన్య సిపాయిలను అడుగవలెనని తోచలేదు. అప్పటికి వేలకొలది లిండౌలు బ్రతికియే యుండిరి. అడుగకపోవుటచేత వారు చెప్పలేదు. చెప్పకపోవుటచేత చరిత్రమున లేరు. ఈ కాలమున చరిత్రకారులు ఆ లోపమును సవరించుచున్నారు. బ్రెండన్ సిమ్స్ అను పండితుడు ఈ యొక్క పొలపుటింటి మధ్యాహ్నమును గూర్చియే 2014లో నొక చిన్న పుస్తకమును వ్రాసెను. బారింగ్, లిండౌల వంటివారి మాటలు మిగిలియుండబట్టి అది సాధ్యమయ్యెను. మిగిలియుండనిచో ఏ పాండిత్యమును ఏమియు చేయజాలదు.

ఈ మాట మనకును తగులును. వాటర్లూకు పండ్రెండేండ్లు ముందుగా, 1803 సెప్టెంబరు 23వ తేదీని, ఇదే వెల్లింగ్టను ఆర్థర్ వెల్లెస్లీ యను పేరుతో దక్కనునందలి అస్సాయె వద్ద మహారాష్ట్రులతో పోరాడెను. నాడు ఆతని పదాతులలో హెచ్చుభాగము మద్రాసు సైన్యపు సిపాయిలు. ఆ సైన్యమున మన తెలుగువారు పెక్కుండ్రు. ఎవరి రాజ్యముకొఱకు పోరాడిరన్నది వేఱు చర్చ. వారును తడిసిరి, దప్పిగొనిరి, తోడివానిని విడువక నిలిచిరి. కాని వారిలో నొకడు చెప్పిన కథ మన యిండ్లలో చదువబడుట లేదు. హామెల్న్‌లోని చెప్పులుకుట్టువానికి పుస్తకము దొరకెను; మన సిపాయికి దొరకలేదు. దీనికి కారణము శౌర్యభేదము గాదు, అక్షరభేదము; అడుగువాడు లేకుండుట.

మహాభారతమున యుద్ధపర్వములు ముగిసినపిదప స్త్రీపర్వము వచ్చును. గెలిచినవారి లెక్క పూర్తియైనపిమ్మట, పడినవారి ముఖములను ఒక్కొక్కదానినే గాంధారి చూచి చెప్పును. వ్యాసుడు ఆ పర్వమును విడువకుండుట చేతనే భారతము కేవలము జయకథ గాకపోయెను. వాటర్లూకు అట్టి పర్వమును సేనాపతులు వ్రాయలేదు. ఒక యోడిపోయిన మేజరును, ఒక చెప్పులుకుట్టువాడును, ఒక గార్డు సిపాయియు తమ తమ పరిధిలో వ్రాసిరి. సాహిత్యమున వారికి గౌరవస్థాన మీయవలయుననుటయే మా వాదము.

పిల్లలకు వీరకథలను చెప్పు తలిదండ్రులు ఇకనుండి జయించినవాని పేరుతో కథను ముగింపక, తలుపు నెవరు కాల్చిరి, తూటాలెందుకు రాలేదు, పాత్రతో నీరెవరు మోసిరి అని కూడ ప్రశ్నింప నేర్పుదురుగాక. మఱియు, పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరమువలె సైనికులకు పేరొందిన గ్రామములు మనకు గలవు. తక్కిన యూళ్లలోను, మన చుట్టపక్కములలోను, 1965, 1971 సంవత్సరముల యుద్ధములను చూచిన వృద్ధులు ఇంకను కొందఱున్నారు. వారిని పతకముల గూర్చి యడిగినచో రెండు మాటలు చెప్పి యూరకుందురు. ఆ రాత్రి యేమి తింటిరి, ఎవరు నీ ప్రక్క నుండిరి, అడిగినది రాకపోయినప్పుడు ఏమనుకొంటిరి అని యడిగి, వారు చెప్పినది చెప్పినట్లు కాగితముమీద నెక్కింపవలయును. వ్రాయుటకు పాండిత్యము అక్కఱలేదు. ఇంటిలో చదువుకొన్న బాలిక చాలును. ఆలస్యమైనచో అడుగుటకు వారుండరు.